మటన్ కైమాతో టెక్సాస్ చిల్లీ: కొవ్వు తగ్గించి, రుచి చెడకుండా చేయడం ఎలా?

ఆరో_అంతస్తు
మా అబ్బాయి డాలస్‌లో చదువుకుంటున్నాడు, సెలవులకు మధురవాడ వచ్చాడు. అక్కడ నలుగురు కుర్రాళ్ళు కలిసి ఆదివారం పెద్ద గిన్నెడు వండుకుని బుధవారం దాకా తినే వంట ఒకటి ఉందట, పేరు చిల్లీ. గొడ్డు మాంసం కైమా, టమాటాలు, రాజ్మా, జీలకర్ర. "అమ్మా, నువ్వు కూర్చో, నేను చేసి పెడతాను" అన్నాడు. మా ఇంట్లో గొడ్డు మాంసం వండం కాబట్టి మటన్ కైమా ముప్పావు కిలో తెప్పించాను.

రెండు తప్పులు జరిగాయి. వాడి ఫోనులో ఉన్న కొలతల్లో చిల్లీ పౌడర్ పావు కప్పు అని ఉంది. మా డబ్బాలో ఉన్నది గుంటూరు కారం. వాడు పావు కప్పు తలకొట్టి కొలిచి మరీ పోశాడు. నేను బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నాను, తుమ్ములు వినబడి లోపలికి వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయింది. రెండోది, దించాక చూస్తే పైన వేలు మందాన ఎర్రటి నూనె తేలింది. వాడు వేసింది రెండు చెంచాల నూనె. మిగతాదంతా కైమాలోంచి దిగిందే.

మా వారికి 54 ఏళ్ళు. పోయిన నెల రక్తపరీక్షలో మొత్తం కొలెస్ట్రాల్ 238, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 140, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 36, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే మరో రకం కొవ్వు) 310. డాక్టరు గారు కొవ్వు తగ్గించమన్నారు. ఆయనకేమో ఈ వంట తెగ నచ్చింది! కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా రెండోసారి వడ్డించుకున్నారు. వచ్చే ఆదివారం మళ్ళీ చేయమంటున్నారు. దారి చెప్పండి.

కారప్పొడి
పావు కప్పు గుంటూరు కారం తిన్న మనిషికి కొలెస్ట్రాల్ ఒక లెక్కా అండీ.

బొంగు_చికెన్
మీ అబ్బాయి చదువుతున్నది వంట కాదని ఆశిస్తున్నాను.

ఆస్టిన్‌లో_అనకాపల్లి
ఇదే పొరపాటు నేను తిరుగు దిశలో చేశాను. ఇక్కడికి వచ్చిన కొత్తలో దుకాణంలో చిల్లీ పౌడర్ అని రాసి ఉంటే కారమనుకుని కొని చేపల పులుసులో వేశాను. పులుసు జీలకర్ర కషాయంలా తయారైంది. ఇక్కడ ఆ పేరుతో అమ్మేది ఒట్టి మిరప పొడి కాదు. ఘాటు తక్కువ ఎండుమిరప, జీలకర్ర, ఒరెగానో, వెల్లుల్లి కలిపిన మసాలా పొడి. అందుకే కప్పుల లెక్కన వేస్తారు. అక్కడ మిరప రంగుకు, చిక్కదనానికి, కాస్త తీపి వాసనకు. మన దగ్గర మిరప అంటే మంట.

మీ డబ్బాలోని కారంతో చేయాలంటే ఒక చిన్న చెంచా చాలు. రంగుకు బ్యాడిగి మిరపకాయలు పది తీసుకుని గింజలు దులిపి, వేడినీళ్ళలో అరగంట నానబెట్టి మెత్తగా రుబ్బండి. దానికి వేయించిన జీలకర్ర పొడి రెండు చెంచాలు. ఒరెగానో లేకపోతే చిటికెడు వాము నలిపి వేయండి. రెండింటిలోనూ థైమాల్ అనే వాసన పదార్థం ఉంటుంది, వాసన దగ్గర దగ్గరగా వస్తుంది.

ఇంకొకటి. రాజ్మా వేశాడంటే మీ అబ్బాయి టెక్సాస్‌లో ఉండి కూడా టెక్సాస్ చిల్లీ చేయలేదన్న మాట. ఇక్కడి వాళ్ళ ముందు చిల్లీలో గింజలు వేస్తే పప్పుచారులో చికెన్ వేసినట్టు చూస్తారు. 1977లో ఈ రాష్ట్రం చిల్లీని అధికారికంగా తన వంటకంగా ప్రకటించుకుంది, అంత పట్టింపు. దాని పూర్తి పేరు చిల్లీ కాన్ కార్నే, స్పానిష్‌లో మాంసంతో మిరప అని. పేరులో గింజలు లేవు కదా అంటారు.

లెక్కల_మాస్టారు
పేరులో లేదని మానేస్తే మన గుత్తి వంకాయలో ఉల్లిపాయ కూడా వేయకూడదు.

ఆరో అంతస్తు గారూ, లెక్క చూద్దాం. అమెరికాలో కైమా పొట్లం మీద 80/20, 90/10, 93/7 అని వేస్తారు. మొదటిది మాంసం వంతు, రెండోది కొవ్వు వంతు, బరువులో. మన దుకాణంలో పొట్లమూ లేదు, అంకే లేదు. మీకు వేలు మందాన నూనె తేలిందంటే నూటికి 20 పాళ్ళు కొవ్వు అనుకుందాం. 750 గ్రాముల్లో 150 గ్రాములు. కొవ్వు గ్రాముకు 9 కేలరీలు కనుక 1350. అయిదుగురు తిన్నారనుకుంటే తలా 270 కేలరీలు ఒట్టి కొవ్వులోంచే. రెండోసారి వడ్డించుకున్న వారి సంగతి వేరే.

ఆరో_అంతస్తు
ఆ వేరే సంగతే నా సమస్య మాస్టారూ.

పూర్ణామార్కెట్_ఉదయం
ముందు కైమా ఎలా తెచ్చుకున్నారో చెప్పండి. కొట్టి పెట్టినది తూకం వేయించుకున్నారా, ముక్క చూపించి కొట్టించుకున్నారా? తేడా అంతా అక్కడే ఉంది. మా వీధి చివర ఒక దుకాణంలో కైమా అడిగితే మొద్దు పక్కన గిన్నెలో ఉన్న ముక్కల్ని పోగు చేసి మిషన్‌లో వేస్తాడు. ఆ గిన్నెలో ఏముంటుంది? ఇతరులు వద్దని తీయించిన కొవ్వు, పొరలు. నేను రెండు సార్లు మోసపోయాక చూస్తూ నిలబడటం మొదలుపెట్టాను.

తొడ మాంసం అడగండి. ఎముక తీయించండి. పైనున్న తెల్లటి కొవ్వు, మెరిసే పొర కళ్ళ ముందే తీయించి, అప్పుడు కత్తితో కొట్టమనండి. తూకం కాస్త పోతుంది, డబ్బులు కాస్త ఎక్కువవుతాయి. మిషన్ కైమా మెత్తగా ముద్దలా వస్తుంది, ఈ వంటకు కత్తి కైమా పలుకుగా బాగుంటుంది. ఆదివారం ఏడు దాటితే మీ మాట వినేవాడుండడు, ఆరింటికే వెళ్ళండి. ఇంకా మంచిది శనివారం సాయంత్రం.

మేకా, గొర్రా అన్నది కూడా అడగండి. మనం రెంటినీ మటన్ అనేస్తాం. మేక మాంసంలో కొవ్వు బాగా తక్కువ.

గాజువాక_షిఫ్టు
అసలు వంట గొడ్డు మాంసంతో కదా, దానికి దగ్గరగా కావాలంటే గేదె మాంసం ఉంది. మా ఇంట్లో అదే వండుతాం. కొవ్వు పొరలు వేరుగా ఉంటాయి, కోసి తీసేస్తే లోపలి కండలో చారలు దాదాపు ఉండవు. మటన్ కన్నా చౌక. ఎక్కువ సేపు ఉడకాలి, అంతే.

వాల్తేరు_వైద్యం
ఈ వేదికలో అందరూ అన్నీ తినరు, అది కూడా గుర్తుంచుకుని రాయండి.

గాజువాక_షిఫ్టు
నేను ఎవరినీ తినమనలేదు. అడిగిన వంటలో ఉన్న మాంసం గురించి చెప్పాను. ఆవిడ అడిగింది కొవ్వు గురించి.

కారప్పొడి
మొదలైంది.

నిర్వాహకులు
ఎవరింట్లో ఏ మాంసం వండుకోవాలన్నది వారి ఇష్టం. ఆంధ్రప్రదేశ్‌లో గోవధను నిషేధించే చట్టం 1977 నుంచి ఉంది, ఇక్కడ ఎవరూ ఆవు మాంసం గురించి మాట్లాడటం లేదు. ఈ దారిలో మరో రెండు వ్యాఖ్యలు వస్తే తీసేస్తాను. కైమాకు రండి.

లెక్కల_మాస్టారు
అక్కడ చిల్లీ పట్టాభిషేకమూ 1977లోనే, ఇక్కడ చట్టమూ 1977లోనే. ఊరికే గమనించాను, కొట్టకండి.

ఇనుప_మూకుడు
కొవ్వు మూడు చోట్ల పట్టుకోవచ్చు. కొట్టు దగ్గర ఒకటి, పూర్ణామార్కెట్ గారు చెప్పారు. రెండోది మూకుడులో. మూడోది మర్నాడు ఫ్రిజ్‌లో.

మూకుడు సంగతి చెబుతాను, ఎందుకంటే అందరూ అక్కడే పాడు చేస్తారు. కైమా అంతా ఒకేసారి పోస్తే నీరు వదిలి ఉడుకుతుంది, వేగదు. బూడిద రంగులోకి మారి ముద్దలు కడుతుంది. వెడల్పాటి ఇనుప మూకుడు పొగ వచ్చేలా కాగాలి. నూనె చుక్క అక్కర్లేదు, కైమాలో ఉన్నదే చాలు. గుప్పెడు గుప్పెడు చొప్పున పలచగా పరిచి, రెండు నిమిషాలు ముట్టుకోవద్దు. అడుగున చిటపటలాడే చప్పుడు మారుతుంది. మొదట బుసబుసమని నీళ్ళ చప్పుడు, తర్వాత చిటచిటమని నూనె చప్పుడు. ఆ రెండో చప్పుడు వచ్చాక తిప్పండి. అడుగు వైపు వేరుశనగ పొట్టు రంగులో ఉంటుంది. రుచి అంతా ఆ రంగులో ఉంది. కొవ్వు తగ్గించుకునే వాళ్ళకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే కొవ్వు ఇచ్చే రుచిని ఇంకో చోటు నుంచి తెచ్చుకోవాలి కదా.

అప్పుడు జల్లెడలో వంపండి. కింద గిన్నె పెట్టండి. దిగినంత దిగుతుంది.

ఆస్టిన్‌లో_అనకాపల్లి
ఇక్కడ కొందరు దాని మీద వేడినీళ్ళు కూడా పోసి కడుగుతారు. వేగిన కైమా జల్లెడలో ఉండగానే. 80/20 కైమాలో కొవ్వు సగం దాకా పోతుంది అలా చేస్తే. నేను చేస్తాను.

ఇనుప_మూకుడు
అయ్యో! వేగిన కైమాను కడగడమా? అంత కష్టపడి తెచ్చిన రుచిని తూములోకి వదలడం. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

ఆస్టిన్‌లో_అనకాపల్లి
మా నాన్నగారికి గుండెకు స్టెంటు వేశాక మొదలుపెట్టాను అండీ. రుచి కొంచెం పోతుంది, కాదనను. తర్వాత అరగంట మసాలాలో ఉడుకుతుంది కాబట్టి ఆయనకు తేడా తెలియలేదు. తెలిసినా చెప్పలేదేమో.

ఇనుప_మూకుడు
అలాగైతే క్షమించండి. కానీ మీకు ఇంకో దారి చెబుతాను, చూడండి. జల్లెడ కింద గిన్నెలో దిగింది కొవ్వు ఒక్కటే కాదు, మాంసం రసం కూడా. దాన్ని పొడవాటి స్టీలు గ్లాసులో పోసి, గ్లాసును చన్నీళ్ళ గిన్నెలో పావుగంట నిలబెట్టి, ఆపైన ఫ్రీజర్‌లో అరగంట పెట్టండి. మాంసం కొవ్వు పైకి తేలి తెల్లగా, మైనంలా గడ్డకడుతుంది. చెంచాతో అంచు పొడిస్తే బిళ్ళలా ఊడి వస్తుంది. కింద ఉన్న గోధుమరంగు రసాన్ని మళ్ళీ వంటలో పోయండి. కావాలంటే కడగండి కూడా, కానీ ముందు దిగిన ఆ రసాన్ని పారేయకండి.

ఆస్టిన్‌లో_అనకాపల్లి
ఆ గ్లాసు సంగతి నాకు ఇన్నేళ్ళూ తట్టలేదు. ఈ వారమే చేస్తాను.

బొంగు_చికెన్
ఇదంతా ఎందుకు, అరకు రండి. వెదురు బొంగులో చికెన్ కూరి, ఆకుతో మూతి బిగించి నిప్పుల మీద కాల్చేస్తాం. చుక్క నూనె లేదు, గ్లాసూ లేదు, జల్లెడా లేదు.

పూర్ణామార్కెట్_ఉదయం
తోలుతో కూరితే కొవ్వు ఆ బొంగులోనే ఉంటుంది బాబూ, ఎక్కడికీ పోదు.

బొంగు_చికెన్
తోలు తీసినవి కూడా ఉన్నాయి సార్.

మీల్‌మేకర్_మావయ్య
నా పేరు చూసి నవ్వుకోండి, ఫరవాలేదు. కైమా సగం, మీల్ మేకర్ సగం. మీల్ మేకర్ అంటే నూనె తీసిన సోయా పిండితో చేసేది, నూటికి సగం పైగా ప్రోటీను, కొవ్వు నామమాత్రం. వేడినీళ్ళలో నానబెట్టి, రెండు మూడు సార్లు గట్టిగా పిండి, మిక్సీలో ఒక్క తిప్పు తిప్పితే అచ్చం కైమా పలుకు. మా ఇంట్లో అయిదేళ్ళుగా కైమా ఉండలు ఇలాగే చేస్తున్నాం, మా బావమరిదికి ఇప్పటికీ తెలియదు.

కారప్పొడి
ఇప్పుడు తెలిసింది బావా.

మీల్‌మేకర్_మావయ్య
మీరెవరో నాకు తెలియదు కానీ గుండె ఆగినంత పనైంది.

ఇనుప_మూకుడు
సగం ఎక్కువ. మూడో వంతు దాటితే పచ్చి సోయా వాసన పైకి వస్తుంది. నాకైతే దానికన్నా పుట్టగొడుగులు మేలు. సన్నగా తరిగి పొడి మూకుడులో నీరంతా ఇగిరేదాకా వేయిస్తే మాంసం రుచికి దగ్గరగా వస్తాయి.

పప్పు_తూకం
నేను ఆహార సలహాదారుగా పని చేస్తాను. డాక్టరు గారి మాటకు అడ్డు చెప్పడం లేదు. ఆ నాలుగు అంకెల్లో నాకు ముందుగా కనబడింది ట్రైగ్లిజరైడ్లు 310. 150 లోపు ఉండాలి. మాంసం కొవ్వులోని సంతృప్త కొవ్వు ప్రధానంగా పెంచేది ఎల్‌డీఎల్‌ను. దానికి మీ జల్లెడా, గ్లాసూ పని చేస్తాయి. ట్రైగ్లిజరైడ్లు మాత్రం అన్నం, తీపి, మద్యం వల్ల కూడా బాగా పెరుగుతాయి. ఇంట్లో అందరూ కూరలో నూనె చూస్తారు, పళ్ళెంలో అన్నం కొండను చూడరు. చిల్లీని ఏమి వేసుకుని తిన్నారు?

ఆరో_అంతస్తు
అన్నం. రెండు సార్లూ అన్నమే. తర్వాత కారం చల్లారడానికి రెండు కాజాలు.

పప్పు_తూకం
చూశారా.

చిల్లీ గిన్నెలో వేసుకుని చెంచాతో తినే వంట. అన్నం పక్కన గుప్పెడు చాలు, లేదా ఒక జొన్నరొట్టె. రాజ్మా మాత్రం తీసేయకండి, టెక్సాస్ వాళ్ళు ఏమనుకున్నా సరే. దానిలోని పీచు కడుపు నింపుతుంది, ఎల్‌డీఎల్ కాస్త తగ్గడానికి కూడా సాయపడుతుంది. కైమా అర కిలోకు తగ్గించి ఆ మేరకు రాజ్మా పెంచితే సగం పని అయిపోయినట్టే. ఉప్పు కూడా చూసుకోండి, రోజంతటికీ కలిపి 5 గ్రాములు అంటే ఒక చిన్న చెంచా. కారం ఎక్కువైతే చేయి తెలియకుండానే ఉప్పు మీదికి పోతుంది.

ఇంకా, పైన చల్లే చీజ్. మీ అబ్బాయి వేశాడా? చెడ్డార్ చీజ్ 100 గ్రాముల్లో 33 గ్రాములు కొవ్వే. కింద గ్లాసులో తీసిందంతా పైన తురిమి వేసినట్టవుతుంది. వెన్న తీసిన పాల పెరుగును గుడ్డలో కట్టి వేలాడదీయండి, గంటలో చిక్కబడుతుంది. ఒక గరిటె పైన వేసుకుంటే సరి.

కారప్పొడి
పెరుగు వేస్తే మంట కూడా తగ్గుతుంది కదా?

పప్పు_తూకం
తగ్గుతుంది. మంట పుట్టించే కాప్సైసిన్ నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే మంచినీళ్ళు ఎన్ని తాగినా లాభం లేదు. పాలు, పెరుగులోని కేసీన్ అనే ప్రోటీను దాన్ని నాలుక మీద నుంచి పట్టుకుపోతుంది. దీనిలోనే ఇంకో కిటుకు ఉంది. కొవ్వు తగ్గించిన కూరలో అదే కారం ఇంకా ఘాటుగా తగులుతుంది. కనుక కొవ్వు తగ్గించిన మేరకు కారమూ తగ్గించుకోవాలి.

ఆరో_అంతస్తు
ఇది నాకు కొత్త. కూరలో నూనె తగ్గించినప్పుడల్లా మా వారు "కారం మార్చావా" అని అడిగేవారు. నేను మార్చలేదని వాదించేదాన్ని.

మన్యం_సంత
రాజ్మాకు ఉత్తరాది పొట్లాలు వెతక్కండి. మా చింతపల్లి, లంబసింగి వైపు చలికి పండే రాజ్మా విశాఖ సంతల్లోకి వస్తుంది. గిరిజన సహకార సంస్థ దుకాణాల్లోనూ అడిగి చూడండి. ఆ సంవత్సరం పంటేనా అని తప్పక అడగాలి, పాతబడితే ఎన్ని కూతలు వచ్చినా రాయిలాగే ఉంటుంది.

రాత్రి నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కుక్కర్‌లో ఆరు కూతలు. మెత్తబడ్డాకే టమాటాలో కలపండి. పచ్చి గింజల్ని పులుపులో వేస్తే తోలు బిగుసుకుపోయి ఉడకవు.

ఆస్టిన్‌లో_అనకాపల్లి
దీనికి తోడు ఒక హెచ్చరిక, కుర్రాళ్ళ కోసం. ఇక్కడ గదుల్లో ఉండే పిల్లలు సన్నటి వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుండలో పచ్చి రాజ్మా పడేసి తరగతులకు వెళ్ళిపోతారు. ఎర్ర రాజ్మాలో లెక్టిన్ అని కడుపు పాడుచేసే ఒక ప్రోటీను ఉంటుంది. బాగా మరిగితేనే అది పోతుంది. గోరువెచ్చగా ఉడికితే పోకపోగా ఇంకా పెరగవచ్చు. వాంతులతో రెండు రోజులు మంచం పట్టిన స్నేహితుడు ఉన్నాడు నాకు. మన కుక్కర్‌తో ఆ భయం లేదు. మీ అబ్బాయి వెళ్ళేటప్పుడు ఒక చిన్న కుక్కర్ పెట్టెలో పెట్టండి.

గాజువాక_షిఫ్టు
చిక్కదనం సంగతి ఎవరూ చెప్పలేదు. కొవ్వు తీసేస్తే కూర నీళ్ళలా ఉంటుంది, అదే అసలు చిక్కు. నేను రాత్రి షిఫ్టుకు డబ్బాలో పట్టుకెళతాను కనుక తెలుసు. రెండు గరిటెల ఉడికిన రాజ్మా గరిటె వెనకతో నలిపి కలిపితే సరిపోతుంది. ఇంకా పలచగా ఉంటే ఒక చెంచా మొక్కజొన్న పిండి నీళ్ళలో కలిపి పోసి పది నిమిషాలు ఉడికించాలి. పచ్చి వాసన పోవాలి.

టమాటాలు కూడా ముక్కలుగా వేసి వదిలేయకూడదు. రుబ్బి, మసాలా వేగాక పోసి, ముదురు ఎరుపులోకి వచ్చి గిన్నె అంచులు వదిలేదాకా తిప్పాలి. మామూలుగా నూనె తేలడం చూసి వేగిందని తెలుసుకుంటాం. ఇక్కడ తేలడానికి నూనె లేదు, అంచు చూసి తెలుసుకోవాలి.

ఇనుప_మూకుడు
ఆ చివరి మాట బంగారం. నూనె తేలలేదని ఇంకో రెండు చెంచాలు పోసే వాళ్ళను చాలా మందిని చూశాను. మా అత్తగారితో సహా.

బొంగు_చికెన్
అనకాపల్లి గారూ, మీ ఊరి బెల్లం ముక్క వేస్తారా దాంట్లో?

ఆస్టిన్‌లో_అనకాపల్లి
గోళీ అంత. టమాటా పులుపు విరగడానికి. కొందరు కోకో పొడి వేస్తారు, కొందరు కాఫీ డికాషన్ కూడా. అరకు కాఫీతో ఒకసారి చేశాను, రంగు నల్లగా వచ్చింది, బాగుంది.

లెక్కల_మాస్టారు
ఆరో అంతస్తు గారూ, ఒక మనవి. ఆ గ్లాసులో వచ్చిన కొవ్వు పారేసే ముందు తూచి చెప్పండి. ఊహించిన అంకెలతో లెక్క చేసి చేసి విసుగొచ్చింది.

ఆరో_అంతస్తు
ఆదివారం ఇంకా మూడు రోజులుంది. అందరి మాటా రాసుకున్నాను. మా అబ్బాయి ఫోనులో చూస్తూ "ఇది చిల్లీ కాదు, వేదిక వాళ్ళ కూర" అంటున్నాడు.

ఆరో_అంతస్తు
చేశాం. వరసగా రాస్తాను.

శనివారం సాయంత్రం నేనే వెళ్ళాను. మేక తొడ దొరకలేదు, పొట్టేలు తొడ తీసుకున్నాను. పొర తీయమంటే కొట్టు అతను "అదంతా తీస్తే రుచేం మిగులుతుందమ్మా" అన్నాడు. తీశాడు. అర కిలో కైమా, పావు కిలో రాజ్మా, టమాటాలు ఏడు, ఉల్లిపాయలు మూడు, బ్యాడిగి పది, గుంటూరు కారం ఒక చిన్న చెంచా. కారం డబ్బా మాత్రం నా చేతిలోనే పెట్టుకున్నాను.

మూకుడు దగ్గర రెండు చప్పుళ్ళ సంగతి నిజమే. మొదటి గుప్పెడు తొందరపడి తిప్పాను, బూడిద రంగే వచ్చింది. రెండో గుప్పెడుకు మా అబ్బాయి నా చేయి పట్టుకుని ఆపాడు. "ఆగమ్మా, ఇంకా నీళ్ళ చప్పుడే" అన్నాడు. మూడోది మీరు చెప్పిన రంగు వచ్చింది. కడగలేదు, జల్లెడలో వంపి గ్లాసు పద్ధతే చేశాను. బిళ్ళ ఊడినప్పుడు మా అబ్బాయి చప్పట్లు కొట్టాడు.

రాజ్మా నలిపి కలిపాక చిక్కగానే ఉంది. వాము కొంచెం ఎక్కువైంది, రెండు రోజులు మిర్చిబజ్జీ వాసన. పెరుగు బాగా కుదిరింది. మా వారు మొదటి చెంచాకు "కారం తక్కువ" అన్నారు. రెండో చెంచాకు ఏమీ అనలేదు. జొన్నరొట్టె చూసి కాసేపు మౌనం పాటించారు. మొత్తానికి మొదటిసారంత గొప్పగా లేదన్నారు, కానీ మళ్ళీ చేయమన్నారు. నా నాలుకకైతే ఇదే బాగుంది.

మర్నాటికి మిగిలినదాని మీద సన్నటి పొర కట్టింది, అదీ తీశాను. సోమవారం దోసెల్లో పెట్టాను. దోసెలోనే ఇంకా బాగుంది.

లెక్కల_మాస్టారు
తూకం?

ఆరో_అంతస్తు
మరచిపోలేదు మాస్టారూ. గ్లాసులో 26 గ్రాములు, మర్నాడు తీసినది 12.

లెక్కల_మాస్టారు
38. తొమ్మిదితో హెచ్చవేస్తే 342 కేలరీలు. తొడ మాంసం పొర తీసి కొట్టించినా ఇంత వచ్చింది, అంటే మొదటి వారం సంగతి ఊహించుకోండి. ధన్యవాదాలు, ఈ వేదికలో అడిగింది తూచి చెప్పిన మొదటి మనిషి మీరే.

ఇనుప_మూకుడు
పారేశారా దాన్ని?

ఆరో_అంతస్తు
ఆదివారమే పారేద్దామనుకున్నాను, తూము మూసుకుపోతుందని భయపడి ఒక చిన్న గిన్నెలో వేసి ఫ్రిజ్‌లో పెట్టాను. చెత్తబండికి ఇద్దామని. ఈ రోజు పొద్దున చూస్తే గిన్నె కడిగి బోర్లించి ఉంది. వంటింట్లో కాల్చిన బ్రెడ్డు వాసన. మా వారిని అడిగితే పిల్లి తిని ఉంటుందన్నారు.

బొంగు_చికెన్
ఆరో అంతస్తుకు పిల్లి లిఫ్టులో వచ్చిందా?

ఆరో_అంతస్తు
వచ్చి, బ్రెడ్డు కాల్చుకుని తిని, గిన్నె కూడా కడిగి వెళ్ళింది.